ఒడ్డు చేరనివారి మాట

పుస్తకములను గూర్చి మన సంఘములలో పెద్దలు చెప్పు మాట యొకటి కలదు. నవల కల్పితము గనుక విశ్వాసికి తగదు; ఆపదలోనుండి తప్పించుకొనినవాని నిజకథ మాత్రము సాక్ష్యము గనుక చదువదగినది, చదివింపదగినది. ఓడ పగిలి ఒడ్డు చేరినవాడు, కరవులో చావక మిగిలినవాడు, చెరసాలనుండి విడుదలైనవాడు తన నోట చెప్పిన కథకంటె విశ్వాసమును బలపరచునది మరేమున్నదని వారి వాదము. వినుటకు ఇది భక్తిగల మాటగానే యున్నది. ఇందులో సగము సరియైనదని నేనును ఒప్పుకొందును. తక్కిన సగము మన సంఘములకు హాని చేయుచున్నది గనుక దానిని గూర్చి నిర్మొగమాటముగా మాటలాడవలసి యున్నది.

హాని యెక్కడ నున్నదనగా, ఒక కథ నిజముగా జరిగినంతమాత్రమున అది సత్యము చెప్పుచున్నదని మనము నమ్ముచున్నాము. జరిగిన సంగతులను ఉన్నవి ఉన్నట్లు చెప్పియు అబద్ధమాడవచ్చును. పదిమంది నీటిలో పడిరనుకొనుడి. పదిమందియు దేవునికి మొఱ్ఱపెట్టిరి. ఒకడు గట్టెక్కెను. ఆ యొకడు సంఘము ఎదుట నిలిచి, నేను ప్రార్థించితిని, దేవుడు నన్ను కాపాడెనని చెప్పెను. ఆ మాటలో ఒక్క అక్షరమైనను కల్ల లేదు. అయినను తక్కిన తొమ్మిదిమందిని గూర్చి అతడు నోరు మెదపనియెడల విన్నవారు ఏమనుకొందురు? వారు ప్రార్థింపలేదనియో, వారి ప్రార్థన దేవుని చెవి చేరదగినది కాదనియో అనుకొందురు. అది అబద్ధము. నిజమైన సంగతులతో కట్టబడిన అబద్ధము గనుక దానిని పట్టుకొనుట మరింత కష్టము.

ఇది పండితులు తమలో తాము తీర్చుకొనవలసిన తగవు కాదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా తెగులు మన దేశమందు వ్యాపించినప్పుడు చావు చూడని సంఘము అరుదు. 2021 వేసవిలో ఆసుపత్రిలో మంచము దొరకక, ఆక్సిజన్ దొరకక పోయినవారిలో ప్రార్థనాపరులు ఉండిరి, పాస్టర్లు ఉండిరి, సండేస్కూలు పంతులమ్మలు ఉండిరి. ఆరాధనలు మరల మొదలైనప్పుడు సాక్ష్యముల వేళ లేచి నిలువబడినవారు ఎవరు? కోలుకొనినవారు. మేము దినదినము తొంబదియొకటవ కీర్తన చదువుకొంటిమి, తెగులు మా గడప త్రొక్కలేదని వారు చెప్పిరి. సంఘమంతయు హల్లెలూయ అనెను. అట్టి సంఘము దేనినైనను తీసికొనుడి. వెనుక వరుసలో ఒక విధవరాలు కూర్చుండి యుండును. ఆమెయు ఆమె భర్తయు అదే కీర్తన చదివిరి. అదే దేవుని వేడుకొనిరి. ఆ హల్లెలూయ ఆమె చెవిలో ఏమని పలికియుండును? ఆమె భర్తను తెగులు ఒకమారు చంపెను; మనము ఆలోచనలేక చెప్పిన కృతజ్ఞత అతనిని రెండవమారు, ఈసారి దేవుని పేరట, దోషిగా నిలువబెట్టెను.

ఆ విధవరాలికి మన సాక్ష్యములకంటె ఎక్కువ న్యాయము చేసిన పుస్తకమొకటి 300 సంవత్సరముల క్రిందటనే అచ్చుపడినది. అది నవల. 1665లో లండను నగరమును ప్లేగు మహామారి పట్టుకొనెను. ఆ తెగులుచేత పోయినవారని ఆ యేటి మరణపట్టికలలో వ్రాయబడినవారే 68,000కు పైగా ఉండిరి. డేనియల్ డీఫో అను రచయిత అప్పటికి అయిదేండ్ల పసివాడు. 57 సంవత్సరముల తరువాత, 1722లో, అతడు ఆ తెగులు సంవత్సరమును కన్నులార చూచినవాని దినచర్యవలె ఒక పుస్తకము వ్రాసెను. అందులో కథ చెప్పువాడు గుఱ్ఱపు జీనుల వర్తకుడు. రచయిత కల్పించిన మనిషి. నగరము విడిచి పొమ్మని అతని అన్న బ్రతిమాలును. ఏమి చేయుటకును తోచక అతడు పరిశుద్ధ గ్రంథము తెరువగా మనము చదివిన ఆ 91వ కీర్తనయే అతని కంట బడును. దానిని నమ్ముకొని అతడు నిలిచిపోవును, చావక మిగులును. ఇంతవరకు ఇది మన సాక్ష్యములవంటిదే.

అయితే ఆ వర్తకుడు తాను మిగిలిన సంగతిని జెండాగా ఎత్తి పట్టుకొనడు. వారము వారము ఏ పేటలో ఎందరు పోయిరో లెక్కలు వ్రాయును. మృతులను బండ్లమీద వేసికొనిపోయి పూడ్చిన గోతులను చూపించును. తెగులు సోకినదని తాళము వేయబడిన యిండ్లలోనుండి వచ్చిన కేకలను వినిపించును. తాను నిలిచిపోవుట దుడుకుతనమేనని ఒప్పుకొని, ఆ మహామారికి మంచి మందు దానికి దూరముగా పారిపోవుటయేనని ఇతరులకు బోధించును. తనకు జరిగినది అందరికిని కట్టడ కాదని అతనికి తెలియును. పుస్తకము ముగియు చోట కూడ మృతుల లెక్కయే ముందు వచ్చును. తాను బ్రతికియున్న సంగతి వారి వెనుక, విస్మయముతో, చిట్టచివర వచ్చును. ఆ వర్తకుడు భూమిమీద ఎన్నడును పుట్టినవాడు కాడు. అయినను నిజముగా పుట్టి, నిజముగా జబ్బుపడి, నిజముగా లేచిన మనలో అనేకులకంటె అతడు నిజము చెప్పినవాడు.

ఆ కీర్తనను గూర్చియే మరియొక మాట జ్ఞాపకము చేయవలెను. మత్తయి సువార్త 4వ అధ్యాయములో మన ప్రభువును దేవాలయ శిఖరమున నిలువబెట్టి, దూతలు కాపాడుదురు గనుక దుమికి చూడుమని చెప్పినవాడు ఆ కీర్తనలోని వాగ్దానమునే ఎత్తి చెప్పెను. అతడు ఎవడో మనకు తెలియును. ప్రభువు దుమకలేదు. వాగ్దానము తండ్రి చేతిలోనిది; అది మన చేతిలో గెలుపుచీటి కాదని ఆయన చూపించెను. ఆ వాక్యమును మెడకు తాయెత్తుగా కట్టుకొని, చావనివాడు నమ్మినవాడు, చచ్చినవాడు నమ్మనివాడు అని లెక్కకట్టువారు ఏ బోధకుని యొద్ద నేర్చుకొనుచున్నారో ఆలోచించుకొందురు గాక.

ఈ డీఫోయే అంతకు మూడేండ్ల ముందు, 1719లో, రాబిన్సన్ క్రూసో కథను వ్రాసెను. అలెగ్జాండర్ సెల్కర్క్ అను స్కాట్లండు దేశపు నావికుడు 1704 మొదలు 1709 వరకు నాలుగేండ్లకు పైగా పసిఫిక్ సముద్రములోని యొక ద్వీపమున ఒంటరిగా బ్రతికిన వృత్తాంతము అప్పటికి లోకమెరిగినది. నవలలోని క్రూసో 28 యేండ్లు ద్వీపవాసము చేయును. జ్వరముతో పడియున్నప్పుడు పెట్టెలో దొరికిన పరిశుద్ధ గ్రంథమును చదివి పశ్చాత్తాపపడును. ఈ కారణముచేత నవలలను ఒల్లని పెద్దలు కూడ ఈ యొక్కదానిని క్షమించుట కలదు. మంచిదే. అయితే మనము దానిని పూర్తిగా చదివితిమా?

ఒడ్డు చేరిన తొలి గడియలో క్రూసో తన తోటివారికొరకు వెదకును. వారిలో ఒక్కడును కనబడడు. మూడు టోపీలు, ఒక కుళ్లాయి, ఒకదానికొకటి జత కాని రెండు జోళ్లు మాత్రము కనబడును. ఎంత చిన్న సంగతి! కల్పితమైన ఓడలో మునిగిన కల్పితమైన మనుష్యులకు ఆ నవలకారుడు జోళ్లు మిగిల్చెను. మన నిజమైన సాక్ష్యములలో నిజమైన మృతులకు అంతమాత్రపు గురుతైన లేదు.

మరియొక సంగతి ఇంకను బరువైనది. ఆ ఓడ ఎక్కడికి పోవుచు మునిగెను? బ్రెజిలునుండి ఆఫ్రికాకు, అక్కడి మనుష్యులను బానిసలుగా కొని తెచ్చుటకై పోవుచు మునిగెను. అంతకు ముందు తనతోకూడ చెరనుండి తప్పించుకొనిన జూరీ అను బాలుని క్రూసో అరువది వెండి నాణెములకు ఒక కప్తానుకు ఒప్పగించెను. ద్వీపములో అతడు దేనిని గూర్చి విలపించును? తండ్రి మాట వినకపోతినని విలపించును. మనుష్యులను కొనబోయిన పాపమును గూర్చి పాపమని ఏడ్చినట్లు కనబడదు. పిల్లలకొరకు కుదించిన ప్రతులలో ఈ భాగము తరచుగా కనబడదు. ఇక్కడ పాఠకుడు మేలుకొనవలెను. ఆపదనుండి తప్పించుకొనినవాడు పరిశుద్ధుడై బయటికి వచ్చెనని అనుకొనుట మనకు అలవాటు. శ్రమ కొందరిని కరిగించును, కొందరిని ఒక ప్రక్క మాత్రమే కరిగించును. దేవుడు వానిని కాపాడెను గనుక వాడు చేసిన పని మంచిదేయని వాదించుట న్యాయము కాదు. బందిపోటుకూడ ఉప్పెనలో చెట్టెక్కి బ్రతుకగలడు.

అట్లయిన నిజకథలన్నియు పనికిరానివా యని మీరడుగవచ్చును. నేను అట్లు చెప్పుట లేదు. నిజకథలలో శ్రేష్ఠమైనవి ఈ సంగతినే మనకంటె తీవ్రముగా చెప్పుచున్నవి. ప్రీమో లెవీ ఇటలీ దేశములోని టూరిన్ పట్టణపు యూదుడు, రసాయన శాస్త్రజ్ఞుడు. 1944 ఫిబ్రవరిలో నాజీలు అతనిని ఆష్విట్జ్ మరణశిబిరమునకు కొనిపోయిరి. 1945 జనవరిలో ఆ శిబిరము విడిపింపబడినప్పుడు అతడు ప్రాణముతో మిగిలెను. 1947లో తన కథను పుస్తకముగా ప్రకటించెను. 1944 అక్టోబరులో ఎవరిని గ్యాసు గదికి పంపవలెనో అధికారులు ఏరిన దినమును గూర్చి అందులో వ్రాసెను. ఆ రాత్రి కూన్ అను ముసలివాడు తన పేరు ఏరబడనందుకు బిగ్గరగా దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచుండెను. ప్రక్క పడకమీద ఇరువదేండ్ల గ్రీకు యువకుడు ఎల్లుండి చావబోవుచు, మాటలేక, దీపమువైపు చూచుచు పడియుండెను. ఆ యువకుడు వినుచున్నాడని ముసలివానికి తోచలేదు. తానే దేవుడైనయెడల ఆ ప్రార్థనను అసహ్యించుకొని త్రోసివేసి యుందునను భావముతో లెవీ ఆ ఘట్టమును ముగించెను.

లెవీ దేవుని నమ్మినవాడు కాడు. అయినను ఆ మాట మన ప్రవక్తలు పలికిన మాటలకు ఎంత దగ్గరగా నున్నది! ప్రక్కవాని రోదనమునకు చెవులు మూసికొని పాడిన పాటలు తనకు అక్కరలేదని దేవుడు ఆమోసు నోట చెప్పింపలేదా? తరువాతి కాలమున భక్తిపరుడైన స్నేహితుడొకడు, నీవు సాక్ష్యము వ్రాయుటకే దైవము నిన్ను మిగిల్చెనని లెవీతో అనెను. ఆ మాట తనకు ఎంత ఘోరముగా తోచెనో అతడు 1986లో ప్రకటించిన తన పుస్తకములో వ్రాసికొనెను. తనకంటె మేలైనవారు చనిపోయిరనియు, మిగిలినవారు శ్రేష్ఠులు కారనియు అతడు పదేపదే చెప్పెను. దేవుని నమ్మనివాడు మృతులపట్ల చూపిన మర్యాదను దేవుని నమ్మిన మనము చూపలేకపోవుట మనకు సిగ్గు.

మన పక్షమున అట్టి మర్యాద నెరిగినవారు లేకపోలేదు. కోరీ టెన్ బూమ్ అను డచ్చి దేశపు క్రైస్తవురాలి పేరు మన సంఘములలో విననివారు తక్కువ. హార్లెమ్ పట్టణములో గడియారములు బాగుచేయు కుటుంబము వారిది. యూదులను తమ యింట దాచినందుకు 1944 ఫిబ్రవరి 28న వారు పట్టుబడిరి. 84 యేండ్ల తండ్రి పది దినములకే చెరలో చనిపోయెను. అక్క బెట్సీ డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ శిబిరమున చనిపోయెను. ఆ నెల ముగియకముందే కోరీ విడుదలయ్యెను. గుమాస్తా చేసిన పొరపాటువలన తాను విడుదలైతిననియు, తన యీడు స్త్రీలు తరువాతి దినములలో చంపబడిరనియు ఆమె పిమ్మట తెలిసికొనెను. ఆమె పుస్తకము 1971లో వెలువడెను.

మన ప్రసంగీకులు ఈ కథలో దేనిని ఎత్తి చెప్పుదురు? గుమాస్తా పొరపాటును. దేవుని హస్తము చూచితిరా, ఒక కలము పోటుతో తన బిడ్డను విడిపించెనని చెప్పుదురు. నేనడుగునదేమనగా, అప్పుడు బెట్సీ ఎవరి బిడ్డ? ఈగలకు చీమలకు కాదు, తమను కుట్టుచున్న గోమారులవంటి పురుగులకు సహితము దేవుని స్తుతింపవలెనని చెల్లెలికి నేర్పినది బెట్సీ. ద్వేషముచేత పాడైన మనుష్యులు బాగుపడుటకు యుద్ధము తరువాత ఒక గృహము తెరువవలెనని శిబిరములోనే కలగన్నది బెట్సీ. కోరీ విడుదలై వచ్చి ఆ అక్క కనిన కలను నెరవేర్చెను. ఆమె పుస్తకమును చదివి మూసినవానికి మనస్సులో నిలుచునది విడుదల చీటి కాదు, అక్క ముఖము. కోరీ తన సాక్ష్యములో బెట్సీని మధ్య నిలిపి తాను ప్రక్కన నిలిచెను. మనము బెట్సీని తీసివేసి గుమాస్తాను నిలుపుచున్నాము. ఇది కోరీకే అన్యాయము.

పరదేశపు కథలు చాలును. మన నేల కథలకు వత్తము. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాకరవులో లక్షలాదిమంది చచ్చిరి. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీయైన జాన్ క్లౌదొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్లకు పైబడిన భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి యొద్ద, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ అంకె మన సండేస్కూలు పిల్లలకును తెలియును. తెలియనిది ఏమనగా, అంతకు ముందు కరవు సాగినంత కాలము, ఎంతమంది వచ్చి అడిగినను, దొర బాప్తిస్మము లిచ్చుట ఆపివేసెను. కూటికొరకు కలిగిన నమ్మకమేదో, క్రీస్తుకొరకు కలిగిన నమ్మకమేదో ఆకలి వేళ తేల్చుట కష్టమని ఆయన యెరుగును. ప్రాణము దక్కినదను సంతోషమును విశ్వాసమని పొరబడకుండ ఆయన తలుపు వేసి యుంచెను. ఈ దినమున మనము ఆ తలుపు తీసి, ప్రాణము దక్కుటయే విశ్వాసమునకు ఋజువని బోర్డు కట్టుచున్నాము. 2,222ను పాడుకొందము, తప్పులేదు. ఆ కాలువ గట్టుకు నడచి చేరలేక దారిలో కూలినవారికి అంకె లేదు. లేనందుననే వారిని తలచుకొనవలెను.

సముద్రతీరమునకు పొండు. 1864 నవంబరు 1న ఉప్పెన మచిలీపట్టణము మీదికి వచ్చినప్పుడు 30,000 మంది వరకు పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి మనిషి నిలువునకు రెండు మూడింతల యెత్తున సముద్రము లేచినప్పుడు, ప్రభుత్వపు లెక్క ప్రకారమే 10,000 మంది వరకు పోయిరి. ఈ రెంటికి నడుమ 113 సంవత్సరములు. చెట్టు పట్టుకొని బ్రతికినవాని కథ, దూలము మీద తేలి వచ్చినవాని కథ తాతలనుండి మనుమలకు చెప్పబడుచునే వచ్చెను. ఆ కథలు గోడలు కట్టలేదు. 1977లో అనేక గ్రామములకు హెచ్చరిక సరిగా అందలేదు. అందిన చోట్ల ఎక్కి నిలువదగిన గట్టి మేడ లేకపోయెను. ఆ ఉప్పెన తరువాత ప్రభుత్వమును, క్రైస్తవ సేవాసంస్థలును, ఇతరులును తీరము పొడవున తుఫాను షెల్టర్లు కట్టిరి. జనులను ముందుగా తరలించుట నేర్చుకొనిరి. 1990 మే నెల తుఫానులో మృతులు వెయ్యికి లోపు. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును ఢీకొనినప్పుడు మన రాష్ట్రములో మృతులు వందకు లోపు.

ఈ తగ్గుదల ఎట్లు వచ్చెను? తీరవాసుల విశ్వాసము 1977లోకంటె 2014లో అంతగా పెరిగెనని ఎవడైనను చెప్పగలడా? చచ్చినవారి లెక్కను ముందు పెట్టుకొని, వీరెందుకు చచ్చిరని అడిగినవారు ఉండిరి గనుక వచ్చెను. బ్రతికినవాని కథ ఒక్కటే విన్నవాడు చెట్టుకు మ్రొక్కును. చచ్చినవాని కథకూడ విన్నవాడు మేడ కట్టును. దేవుని కాపుదల ఆ సిమెంటు గోడలలో లేదనువాడు దేవుని చేతిని కురుచ చేయుచున్నాడు.

ఇప్పుడు కొందరు నాపై కోపింతురు. దేవునికి కృతజ్ఞత చెప్పువాని నోరు మూయించెదవా, పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చినవానిని ప్రభువు మెచ్చుకొనలేదా, 107వ కీర్తన సముద్రమునుండి తప్పింపబడినవారిని స్తుతింపుమని పిలుచుట లేదా యని అడుగుదురు. నిశ్చయముగా పిలుచుచున్నది. స్తుతింపనివాడు కృతఘ్నుడు. నా వాదము స్తుతి చేయవద్దని కాదు. స్తుతిలో తీర్పు కలుపవద్దని. అందుకై సాక్ష్యము చెప్పువానిని, కథ వ్రాయువానిని మూడు ప్రశ్నలు అడుగుదము.

మొదటిది: నీతోకూడ ఉండి రానివారు ఎవరు? యోబు గ్రంథము 1వ అధ్యాయములో నలుగురు దూతలు ఒకరి వెంట నొకరు పరుగెత్తి వత్తురు. నలుగురును తప్పించుకొనినవారే. అయితే నలుగురును మొదట చెప్పునది పోయినవారిని గూర్చి. తాను తప్పించుకొనిన మాట ప్రతివాడును చివర, ఒక్క ముక్కలో చెప్పును. సాక్ష్యమునకు ఆ వరుస తగినది.

రెండవది: ఎవరి చేతులు నిన్ను లాగెను? అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు ఎక్కిన ఓడ పగిలినప్పుడు 276 మందియు గట్టు చేరిరి. దేవదూత ముందుగానే మాట ఇచ్చి యుండెను. అయినను లూకా పలకలను దాచలేదు, ఈత వచ్చినవారిని దాచలేదు, ఖైదీలను చంపనీయక అడ్డుపడిన శతాధిపతిని దాచలేదు. నిన్ను భుజముమీద మోసినవాడు అన్యుడైనను వాని పేరు చెప్పుము. నీ మంచము ప్రక్క నిలిచిన నర్సమ్మ పేరు చెప్పుము.

మూడవది: మిగిలిన దినములు ఎవరికి బాకీ యున్నావు? కోరీ అక్కకు బాకీయని యెరిగి ఆ గృహము తెరిచెను. బ్రతికినందుకు విందు చేసి ఊరకుండువాడు బాకీ యెగవేసినవాడు.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల పుస్తకము నవలయైనను చదువుడి, పిల్లలచేత చదివింపుడి. జవాబు చెప్పలేని పుస్తకము అక్షరమక్షరము నిజమైనను, అట్టమీద సిలువ గురుతున్నను, దానిని జాగ్రత్తగా చదువుడి.

లేఖనములు మనకు నేర్పిన పద్ధతియు ఇదియే. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో పేతురు చెరనుండి విడిపింపబడెను. అదే అధ్యాయపు మొదటనే యాకోబు ఖడ్గముచేత చంపబడెను. యాకోబుకొరకు సంఘము ప్రార్థింపలేదని ఎవడు చెప్పగలడు? హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయములో 34వ వచనమున విశ్వాసముచేత ఖడ్గమునుండి తప్పించుకొనినవారు కలరు. మూడు వచనములు దాటగానే 37వ వచనమున ఖడ్గముచేత చచ్చినవారు కలరు. రెండు పట్టీలు లేవు. ఒకే విశ్వాసము, ఒకే పట్టీ. సిలోయము గోపురము కూలి 18 మంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులని తలంపవద్దని ప్రభువు స్పష్టముగా చెప్పెను. ఆ మాట లూకా సువార్త 13వ అధ్యాయములో నుండగా, దానికి విరుద్ధముగా మన బల్లలమీదనుండి ప్రసంగించుట ఎట్లు?

అన్నిటికంటె గొప్ప ఋజువు మన ప్రభువు బాల్యములోనే యున్నది. ఆయనయు ఒకప్పుడు తప్పించుకొనినవాడే. కలలో యోసేపునకు హెచ్చరిక కలిగెను. రాత్రివేళ శిశువును తల్లిని తీసికొని ఐగుప్తునకు పారిపోయెను. ఆ హెచ్చరిక బేత్లెహేములోని తక్కిన తల్లులకు కలుగలేదు. మత్తయి ఈ కథను దూతతోను ఐగుప్తుతోను ముగించి, చూడుడి దేవుని కాపుదల యని చెప్పియుండవచ్చును. అతడు అట్లు చేయలేదు. చంపబడిన పసివారిని గూర్చి వ్రాసెను. ఓదార్పు పొందనొల్లని రాహేలు ఏడుపును ఆ పక్కనే పెట్టెను. లోకరక్షకుడు తప్పించుకొనిన కథలో కూడ తప్పించుకొననివారికి చోటున్నది. మన కథలలో ఎందుకు లేదు?

బేత్లెహేములో తప్పించుకొనిన ఆయన యెరూషలేములో తప్పించుకొనలేదు. ఇతరులను రక్షించెను గాని తన్ను తాను రక్షించుకొనలేడని సిలువక్రింద నిలిచినవారు ఎగతాళి చేసిరి. బ్రతికి బట్టకట్టినవాడే దేవునికి ఇష్టుడను మతము ఆనాడు వారిది. తండ్రి ఆ లెక్కను ఒప్పుకొనలేదు. మన ప్రభువు ఒడ్డు చేరనివారి వరుసలో నిలిచి, వారితోకూడ మునిగి, వారి నిమిత్తము మూడవ దినమున లేచెను; లేచినప్పుడు గాయములను దాచుకొనలేదు. కాబట్టి 2021లో ప్రార్థించుచు ప్రాణము విడిచిన మన సహోదరుడు దేవుని చేయి జారినవాడు కాడు. వాని భార్య లేచి, నేను ప్రార్థించితిని, ఆయన చనిపోయెను, అయినను నేను ప్రభువును విడువలేదని చెప్పగలిగినయెడల, ఆ సాక్ష్యము మన సాక్ష్యములన్నిటికంటె బరువైనది.

సంఘ కాపరులారా, రాబోవు సాక్ష్యముల కూటములో మొదట ఆమెను పిలువుడి. ఆమెకు మాట రానియెడల, కోలుకొనినవారు లేవకముందు, పోయినవారి పేళ్లు చదువుడి. కృతజ్ఞతాస్తుతి తరువాత చెల్లింతము.